మొటిమల మందు ఎంచుకునే ముందు: మందుల షాపు కౌంటర్ వెనక నుంచి

రాత్రి తొమ్మిదిన్నర దాటాక, షట్టర్ సగం దించే టైముకి వస్తారు. ముందు ఒక పారాసిటమాల్ షీటో, ఓఆర్‌ఎస్ ప్యాకెట్టో అడుగుతారు. డబ్బులిచ్చి, చిల్లర జేబులో వేసుకుని, పక్కన ఇంకెవరూ లేరని చూసుకున్నాక అసలు మాట బయటికొస్తుంది: "అన్నా, మొహానికి ఏదైనా మంచి క్రీమ్ ఉందా?"

మా షాపు కాలేజీల రోడ్డులో ఉంది. పదిహేనేళ్లుగా ఈ ప్రశ్న వింటున్నాను. మొదట్లో అందరూ "అన్నా" అనేవారు, ఇప్పుడు కొందరు "అంకుల్" అంటున్నారు. అంతకు మించి ఏమీ మారలేదు. అదే సిగ్గు, అదే తొందర. "ఎన్ని రోజుల్లో తగ్గుతుంది?" అన్నది రెండో ప్రశ్న. ఆదివారం అక్క పెళ్లి ఉంటుంది, లేదా సోమవారం ఫ్రెషర్స్ డే ఉంటుంది.

నేను డాక్టర్ని కాదు, ఫార్మసిస్టుని. ఎవరికి ఏం రాయాలో చెప్పే అధికారం నాకు లేదు. కానీ ఏ ట్యూబులో ఏముంది, అది ఎన్నాళ్లకి పనిచేస్తుంది, పిల్లలు దాన్ని ఎక్కడ ఆపేసి మళ్లీ మొదటికొస్తారు అన్నది నాకు బాగా తెలుసు. ఎందుకంటే ఆపేసినవాళ్లు కొత్త ట్యూబు కోసం మళ్లీ నా దగ్గరికే వస్తారు. అందుకే ఇక్కడ "బెస్ట్ క్రీమ్" పేరు చెప్పను. అద్దంలో ఏం కనిపిస్తోంది, మూడు నెలలు దేన్ని విడవకుండా వాడగలరు అన్న రెండిటికీ సరిపోయేదే మీ మందు.

అద్దం ముందు మొదటి ఐదు నిమిషాలు

మొటిమ పైకి వచ్చిన రోజే పుట్టింది కాదు. చర్మంలో నూనె గ్రంథి, దాని నుంచి పైకి వచ్చే సన్నటి గొట్టం ఉంటాయి. ఈడు రాగానే హార్మోన్ల వల్ల నూనె ఎక్కువవుతుంది. గొట్టం లోపల రాలే చర్మకణాలు ఆ నూనెతో కలిసి జిగురై బిరడా బిగించినట్టు మూసుకుపోతాయి. లోపల ఉండే బ్యాక్టీరియా పెరిగి వాపు మొదలవుతుంది. ఇదంతా పైకి కనిపించకుండానే కొన్ని వారాలు నడుస్తుంది. ఇవాళ మీకు కనిపించే మొటిమ పాత సంగతి. వచ్చే నెల రాబోయేవి ఇప్పుడే లోపల తయారవుతున్నాయి. అందుకే మొటిమ మీద చుక్క పెట్టి వదిలేస్తే లాభం లేదు, వచ్చే చోటంతా రాయాలి. అందుకే ఏ మందుకైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. ఈ ఒక్కటి అర్థమైతే సగం ట్యూబులు చెత్తబుట్టలోకి పోకుండా ఆగుతాయి.

ఇక రకాలు. చిన్న చిన్న గింజల్లా తెల్లవి, నల్ల చుక్కలు మాత్రమే ఉంటే అది తేలిక రకం. ఎర్రగా, చీము తలతో పది ఇరవై ఉంటే మధ్య రకం. లోపల గడ్డల్లా, ముట్టుకుంటే నొప్పిగా, వారాల తరబడి ఉండేవి, తగ్గాక గుంట మిగిల్చేవి అయితే అది పెద్ద రకం. ఈ మూడో రకం వాళ్లు నాలాంటి వాళ్ల కౌంటర్ దగ్గర ఒక్క రోజు కూడా పోగొట్టుకోకూడదు. నేరుగా చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి. గుంట పడ్డాక దాన్ని పూడ్చడం మొటిమ తగ్గించడం కంటే ఎన్నో రెట్లు కష్టం, ఖర్చు.

కొన్నిసార్లు అవి అసలు మొటిమలే కావు. నుదుటి మీద, వీపు మీద అన్నీ ఒకే సైజులో, దురదతో, చెమట పట్టినప్పుడు పెరిగే గింజలు ఫంగస్ వల్ల కావచ్చు. వీటికి మొటిమల యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరుగుతాయి. మొటిమలు మామూలుగా దురద పెట్టవు, దురదే ఎక్కువగా ఉంటే అనుమానించాలి.

ఊరుకోవడమా, మందు వాడడమా

ఇంట్లో పెద్దవాళ్ల మాట ఒకటుంది: "వయసు మొటిమలు, పెళ్లయితే అవే పోతాయి." పూర్తిగా తప్పు కాదు. 12 నుంచి 24 ఏళ్ల మధ్య వాళ్లలో నూటికి 85 మందికి ఎంతో కొంత మొటిమలు వస్తాయని లెక్క. ఇరవైల్లోకి వచ్చాక చాలామందికి, ముఖ్యంగా మగపిల్లలకి, తగ్గుతాయి. దానికీ పెళ్లికీ సంబంధం లేదు, వయసు అలా కలిసొస్తుంది. ఆడవాళ్లలో కొందరికి ముప్పై దాటినా వస్తూనే ఉంటాయి.

నాలుగైదు గింజలు ఉండి, మీకు వాటి గొడవే లేకపోతే ఊరుకోవచ్చు. అది కూడా ఒక ఎంపికే. నాకు దాని మీద అభ్యంతరం లేదు. కానీ మొటిమల సంఖ్యకీ బాధకీ లెక్క కుదరదు. మొహం నిండా మొటిమలున్నా నవ్వుతూ క్రికెట్ ఆడే కుర్రాడు ఉంటాడు. గడ్డం మీద మూడే మూడు ఉన్నా చున్నీ కళ్ల దాకా చుట్టుకుని వచ్చే అమ్మాయి ఉంటుంది. ఆ అమ్మాయి బాధని "ఇంత దానికేనా" అని కొట్టిపారేయడం సరికాదు. ఫొటోలకి దూరం జరగడం, ఫిల్టర్ లేకుండా వీడియో కాల్ ఎత్తకపోవడం, క్లాసు ఎగ్గొట్టడం మొదలైతే మొటిమలు ఎన్ని ఉన్నా సరే, అది మందు వాడాల్సిన కేసే. సాయి పల్లవి మొటిమలు కప్పుకోకుండా తెర మీద కనిపించి ఇంత అభిమానం సంపాదించుకున్నాక కొంత ధైర్యం వచ్చినట్టే ఉంది. తన మొటిమల గురించి తనకీ దిగులు ఉండేదని ఆవిడే చెప్పుకున్నారు. అయితే ఆ ధైర్యం సినిమా హాల్లో ఉన్నంతగా హాస్టల్ రూములో ఉండదు. అక్కడ ముద్దుపేర్లు పెట్టేవాళ్లు ఉంటారు.

ఇంట్లోవాళ్లకి ఒక మాట. పిల్లాడు రోజంతా గదిలోంచి రాకపోతే, బతకాలని లేదన్నట్టు మాట్లాడితే అది క్రీముల సంగతి కాదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు, డబ్బులు పడవు. తెలుగులోనే మాట్లాడతారు.

వంటింటి డబ్బాలు, ఫేస్‌వాష్‌లు

పసుపు, శనగపిండి, గంధం: వీటితో పెద్ద హాని లేదు, పెద్ద లాభమూ లేదు. ముల్తానీ మట్టి నూనెని కాసేపు పీల్చుకుంటుంది, అంతే. నిమ్మరసం మాత్రం వద్దు. ఘాటు ఆమ్లం అది. రాసుకుని ఎండలోకి వెళితే కాలి, మొటిమ పోయిన చోట అంతకంటే పెద్ద నల్ల మచ్చ మిగులుతుంది. వంటసోడా, టూత్‌పేస్టు కూడా అంతే. టూత్‌పేస్టు పెడితే మొటిమ ఎండిపోయినట్టు అనిపిస్తుంది, నిజానికి చుట్టుపక్కల చర్మం కూడా ఎండి మండుతుంది.

మన ఇళ్లలో ఎవరూ అనుమానించని దోషి ఒకరున్నారు, కొబ్బరినూనె. తలకి దట్టంగా పట్టించి జడ వేసుకుని కాలేజీకి వెళితే ఆ నూనె నుదుటి మీదికి దిగి అక్కడే గింజలు వస్తాయి. నుదుటి మీదే మొటిమలున్న అమ్మాయిల్ని నేను ముందు అడిగేది ఇదే. నూనె మానమని కాదు, తలస్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగేసుకుంటే చాలు. మొహానికి కొబ్బరినూనె రాసుకునే అలవాటుంటే అది మాత్రం మానాలి.

"వేడి చేసింది" అన్నదానికి నా దగ్గర జవాబు లేదు. మామిడిపళ్లు మానేసిన వాళ్లనీ చూశాను, మానని వాళ్లనీ చూశాను. తిండిలో కొంత ఆధారం ఉన్నవి వేరే: రక్తంలో చక్కెరని గబుక్కున పెంచే తీపి, మైదా, కూల్‌డ్రింకులు, కొంతవరకు పాలు. జిమ్‌కి వెళ్లే కుర్రాళ్లు వాడే వే ప్రోటీన్ పొడి పాల నుంచి వచ్చిందే. అది మొదలుపెట్టాక మొటిమలు పెరిగితే రెండు నెలలు ఆపి చూడండి. జిమ్‌లో ఎవరైనా ఇంజెక్షన్ వేయించుకోమంటే అది ప్రోటీన్ కాదని గుర్తుంచుకోండి. ఆ హార్మోన్ సూదులతో వచ్చే మొటిమలు వీపంతా గడ్డలు కడతాయి.

ఫేస్‌వాష్ విషయానికొస్తే, రోజుకి రెండుసార్లు ఘాటు లేని మామూలు రకంతో కడిగితే చాలు. సాలిసిలిక్ యాసిడ్ ఒకటి రెండు శాతం ఉన్నది బ్లాక్‌హెడ్స్‌కి కాస్త పనికొస్తుంది. అయితే నిమిషంలో కడిగేసే ఫేస్‌వాష్‌కి ఆరేడు వందలు పోసి, మొహం మీద రాత్రంతా ఉండే మందుకి డబ్బు లేదనే వాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. గరుకు స్క్రబ్ మాత్రం ఎవరికీ వద్దు, వాపున్న చర్మం మీద ఉప్పుకాగితం రుద్దడమే అది.

బెంజాయిల్ పెరాక్సైడా, అడాపలీనా

తేలిక రకానికీ, మధ్య రకానికీ అసలు పోటీ ఈ రెండు పూత మందుల మధ్యే. అమెరికా చర్మవైద్యుల సంఘం 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా గట్టిగా సిఫారసు చేసిన వాటిలో ఇవి ఉన్నాయి. రెండూ చేసే పని వేరు కాబట్టి, ఏది ఎవరికన్నది తేల్చుకోవచ్చు.

బెంజాయిల్ పెరాక్సైడ్ బ్యాక్టీరియాని చంపుతుంది. ఎర్రగా, చీముతో ఉన్నవాటి మీద దాని పని ముందు కనిపిస్తుంది. పెద్ద గొప్ప ఏమిటంటే, ఎన్నాళ్లు వాడినా బ్యాక్టీరియా దీనికి అలవాటు పడదు. 2.5, 5, 10 శాతాల్లో దొరుకుతుంది. కుర్రాళ్లు సహజంగానే "పది ఉన్నది ఇవ్వండి" అంటారు. 2.5 కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట మాత్రం చాలా తక్కువ. పది శాతం అడిగి తీసుకెళ్లిన వాళ్లలో చాలామంది రెండో ట్యూబుకి రాలేదు. దీని అసలు నష్టం బట్టలకి. రంగు పోతుంది. అమ్మ కొత్త దిండు గలీబులు, నీలం తువ్వాళ్లు, చున్నీ అంచులు తెల్ల మరకలతో మిగులుతాయి. తెల్ల గలీబు వేసుకోండి. ఇంకో సంగతి, ఈ మందు వేడికి చెడుతుంది. మన మే నెల ఎండలో బండి డిక్కీలో ట్యూబు వదిలేయకండి.

అడాపలీన్ రెటినాయిడ్ జాతి మందు, అంటే విటమిన్ ఏ కుటుంబానిది. గొట్టం మూసుకుపోకుండా చూస్తుంది, అంటే మొటిమ పుట్టుకనే ఆపుతుంది. తెల్ల గింజలు, బ్లాక్‌హెడ్స్ ఎక్కువున్న వాళ్లకి ఇదే ముందు. తగ్గాక మళ్లీ రాకుండా నెలల తరబడి వాడుకోవడానికి కూడా ఇదే. అమెరికాలో 0.1 శాతం జెల్‌ని 2016 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారంటే అది ఎంత పాతుకుపోయిన మందో చూడండి. కానీ దీని మొదటి నెల నరకం. పొట్టు లేస్తుంది, మొహం లాగినట్టుంటుంది, కొందరికి ఉన్న మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా కనిపిస్తాయి. సరిగ్గా మూడో వారంలో ట్యూబు పట్టుకుని షాపుకొచ్చి, "అన్నా, ఇది పడలేదు, వేరేది ఇవ్వు" అంటారు. పడకపోవడం వేరు, పని మొదలవడం వేరు. మొహం వాచి, నీటిపొక్కులు వస్తే పడలేదు, ఆపేయాలి. పొట్టు లేచి పొడిబారితే అది మామూలే. వారానికి మూడు రాత్రులకి తగ్గించి, మాయిశ్చరైజర్ రాసి, మెల్లగా పెంచుకోవాలి.

రాసే తీరు ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. రాత్రి మొహం కడిగి, బాగా ఆరనివ్వండి. బఠాణీ గింజంత మందు మొహమంతటికీ చాలు. నుదురు, రెండు బుగ్గలు, గడ్డం మీద చుక్కలు పెట్టి పలచగా పరచండి. కళ్ల దగ్గర, ముక్కు మూలలు, పెదవుల కొసలు వదిలేయండి. చర్మం నాజూకైతే ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద మందు రాసినా తప్పులేదు. గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లు అడాపలీన్ జోలికి వెళ్లకుండా డాక్టర్ని అడగాలి. వాళ్లకి అజెలాయిక్ యాసిడ్ లాంటి వేరే దారులున్నాయి. అది మెల్లగా పనిచేస్తుంది కానీ, మన రంగు చర్మానికి వచ్చే నల్ల మచ్చల్ని కూడా తగ్గిస్తుంది.

నన్నడిగితే? ఎర్ర మొటిమలు ఎక్కువైతే, రెండు వారాల్లో ఏదో ఒక తేడా కనిపించకపోతే వదిలేసే మనస్తత్వమైతే బెంజాయిల్ పెరాక్సైడ్ 2.5. గింజలు ఎక్కువై, ఓపిక ఉంటే అడాపలీన్. రెండూ ఉన్నవాళ్లకి రెండూ కలిసిన జెల్ కూడా దొరుకుతుంది. లేదా ఒకటి పొద్దున, ఒకటి రాత్రి. ఏది వాడినా పొద్దున సన్‌స్క్రీన్ తప్పదు. లేకపోతే మొటిమ పోయినా మచ్చ నెలల తరబడి నల్లగానే ఉండిపోతుంది.

క్లిండామైసిన్ జెల్ ఒక్కటే అడిగి కొనుక్కెళ్లేవాళ్లు చాలామంది ఉన్నారు, మంట పెట్టదు కాబట్టి. అది యాంటీబయాటిక్. ఒంటరిగా నెలల తరబడి రాస్తే బ్యాక్టీరియా దానికి లొంగకుండా పోతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ తోడు లేకుండా దాన్ని ఎంచుకోకండి.

వారంలో తెల్లబడే క్రీమ్

ఇది చెప్పడానికి నాకు కొంచెం ఇబ్బందిగా ఉంది. షాపు పెట్టిన కొత్తలో నేనూ ఇచ్చాను. అప్పట్లో అందరూ ఇచ్చేవారు. డిగ్రీ చదివే ఒక అమ్మాయి వచ్చి ఖాళీ ట్యూబు చూపించి "ఇదే కావాలి" అనేది. మంగు మచ్చలకి కొన్నాళ్లు మాత్రమే వాడాల్సిన క్రీమ్ అది. అందులో స్టెరాయిడ్, చర్మం తెల్లబరిచే మందు, ఇంకో ఘాటు మందు కలిసి ఉంటాయి. నెలకి రెండు ట్యూబులు. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏడాది తర్వాత వచ్చినప్పుడు బుగ్గల మీద ఎర్రటి నరాలు దారాల్లా కనిపిస్తున్నాయి, మీసం చోట నూగు దట్టమైంది, మొటిమలు మొదటికంటే రెట్టింపయ్యాయి. ఎండలో నిలబడితే మంట అంది. ఆ రోజు నుంచి ఆ ట్యూబుల్ని చీటీ లేకుండా ఇవ్వడం మానేశాను. ఆ అమ్మాయికి అది ఏం ఉపయోగం?

స్టెరాయిడ్ ఎందుకు మోసం చేస్తుందో తెలుసుకోవాలి. అది వాపుని అణచేస్తుంది. నాలుగు రోజుల్లో ఎరుపు పోతుంది, మొహం నున్నగా, తెల్లగా కనిపిస్తుంది. అడాపలీన్ మొదటి నెలంతా ఏడిపిస్తుంటే, ఇది మొదటి వారంలోనే నవ్విస్తుంది. రెంటినీ పక్కపక్కన పెడితే పందొమ్మిదేళ్ల వయసులో దేన్ని ఎంచుకుంటారో చెప్పక్కర్లేదు. కానీ నెలలు గడిచేకొద్దీ చర్మం పలచబడుతుంది, స్టెరాయిడే మొటిమలు పుట్టిస్తుంది, ఆపితే మొహం భగ్గుమంటుంది. ఆ మంటకి భయపడి మళ్లీ రాస్తారు. చర్మవైద్యులు దీనికి స్టెరాయిడ్‌తో పాడైన మొహం అని ఒక రోగం పేరే పెట్టారు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూత స్టెరాయిడ్లని చీటీ మీదే అమ్మాలని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అయినా హాస్టళ్లలో ట్యూబు ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి మారుతూనే ఉంది.

గుర్తుపట్టే చిట్కా ఒకటి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో మందు పేరు చివర "సోన్" అని వస్తే (బీటామెథాసోన్, మొమెటాసోన్), లేదా క్లోబెటసాల్ అని ఉంటే అది స్టెరాయిడ్. మొటిమలకి దాన్ని రాయకూడదు. ఇప్పటికే నెలల తరబడి రాస్తున్నవాళ్లు మాత్రం ఈ మాట చదివి ఇవాళే ఆపేసి భయపడకండి. డాక్టరు దగ్గరికి వెళితే మంట తగ్గే మందులిచ్చి మాన్పిస్తారు.

మాత్రల దాకా వస్తే

మాత్రలు చీటీ మీదే. ఇక్కడ పోలిక ఎందుకంటే, డాక్టరు రాశాక కూడా ఇంటికెళ్లి వేసుకోకుండా పక్కన పెట్టేవాళ్లు ఎక్కువ.

డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్. మధ్య రకం, ఎర్ర మొటిమలకి, మామూలుగా మూడు నెలల దాకా, పూత మందుతో కలిపి. దీన్ని పెద్ద గ్లాసు నీళ్లతో, కూర్చుని వేసుకోవాలి. పడుకునే ముందు రెండు గుక్కల నీళ్లతో మింగి పడుకుంటే మాత్ర గొంతు గొట్టంలో ఇరుక్కుని పుండు చేస్తుంది. ఒక హాస్టల్ కుర్రాడు గుండెనొప్పి అనుకుని అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తాడు, తీరా చూస్తే ఇదే. పాలు, ఐరన్, కాల్షియం మాత్రలకి రెండు మూడు గంటల దూరం పెట్టాలి. ఎండకి చర్మం త్వరగా కమిలిపోతుంది.

ఐసోట్రెటినోయిన్ సంగతి వేరు. నూనె గ్రంథినే కుదించే మందు. గడ్డల రకానికి, గుంటలు పడుతున్నవాళ్లకి, మిగతావాటికి లొంగని వాటికి ఇదే గట్టి దారి. 1982లో అమెరికాలో అనుమతి వచ్చింది, నలభై ఏళ్లకి పైగా అనుభవం ఉంది. అయినా మన ఇళ్లలో దీని మీద ఉన్నంత భయం ఏ మందు మీదా లేదు. "పిల్లలు పుట్టరట" అని అమ్మలు వచ్చి నన్నే అడుగుతారు. అసలు విషయం ఇది: ఈ మందు వేసుకుంటుండగా, ఆపిన నెల లోపు గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. ఈ మాటలో రాజీ లేదు. పెళ్లైన అమ్మాయైనా, కాని అమ్మాయైనా డాక్టరు గర్భపరీక్ష గురించి, గర్భం రాకుండా చూసుకోవడం గురించి అడుగుతారు. దానికి తల్లి నొచ్చుకోకూడదు, వీలైతే ఆ రెండు నిమిషాలు తల్లి బయట కూర్చుంటే మంచిది. మందు ఆపి నెల దాటాక పుట్టబోయే పిల్లల మీద దీని ప్రభావం ఉండదు. మగపిల్లలకి ఆ భయమే అక్కర్లేదు.

పెదవులు మాత్రం ఎండిపోతాయి, దాదాపు అందరికీ. లిప్‌బామ్ జేబులో ఉండాల్సిందే. కొవ్వు, లివర్ పరీక్షలు చేయిస్తారు. అన్నం తిన్నాకే వేసుకోవాలి, కొవ్వు ఉన్న తిండితోనే బాగా ఒంటికి పడుతుంది. మైనం పెట్టి వెంట్రుకలు తీయించుకుంటే చర్మం ఊడొస్తుంది. రక్తదానం చేయకూడదు, కోర్సు అయ్యాక ఇంకో నెల దాకా కూడా. డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకోకూడదు, పుర్రె లోపల ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. మనసు దిగులు పడుతుందన్న హెచ్చరిక డబ్బాలోని కాగితం మీద ఉంటుంది. మొత్తమ్మీద చూసిన పెద్ద అధ్యయనాలు దాన్ని రుజువు చేయలేదు, కానీ ఇంట్లో ఒకరు గమనిస్తూ ఉండడంలో నష్టం లేదు. ఇంతకు ముందు దిగులుకి మందులు వాడి ఉంటే డాక్టరుకి దాచకండి.

పాత చీటీ ఫొటో పట్టుకుని "ఫ్రెండుకి తగ్గిందట, నాకూ ఇవ్వు" అని ఈ మాత్ర అడిగేవాళ్లు కూడా ఉన్నారు. ఇవ్వను. ఎంత బతిమాలినా ఇవ్వను.

అమ్మాయిలకి ఒకటి: నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తూ, గడ్డం కింద దవడ వెంబడి మొటిమలు వస్తూ, పైపెదవి మీద వెంట్రుకలు పెరుగుతుంటే అది పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాలకి వచ్చే సమస్య) కావచ్చు. ఎన్ని క్రీములు మార్చినా లాభం ఉండదు. చర్మం డాక్టరుతో పాటు లేడీ డాక్టర్ని కూడా కలవాలి. అలాగే బీ12 మాత్రలో సూదులో, టీబీ మందులో మొదలుపెట్టాక ఒక్కసారిగా మొటిమలు వస్తే ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. ఆ మందుని మీరే ఆపకండి, ముఖ్యంగా టీబీ మందుని.

పార్లరా, క్లినిక్కా, ప్రభుత్వాసుపత్రా

మొటిమలున్న మొహానికి పార్లర్‌లో ఫేషియల్ వద్దు. ఆవిరి పట్టి, క్రీమ్‌తో మర్దనా చేసి, చిదమడం వల్ల వాపు పెరుగుతుంది. పెళ్లి ముందు వారం చేయించుకుని పెళ్లి ఫొటోల్లో ఎర్రగా వచ్చిన వాళ్లున్నారు. స్కిన్ క్లినిక్ అన్న బోర్డు ఉన్న ప్రతి చోటా చర్మవైద్యుడు ఉండడు. డాక్టరు పేరు పక్కన ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ (డెర్మటాలజీ) లాంటి చర్మవైద్యం చదువు ఉందో లేదో చూడండి. మొదటి రోజే ఆరు సిట్టింగుల ప్యాకేజీ, అడ్వాన్సు మాట్లాడితే "ముందు మందులతో చూద్దామా?" అని అడగండి. కెమికల్ పీల్ (రసాయనం పూసి చర్మం పై పొర తీయడం) పనికిరాదని కాదు, మందుకి తోడుగా పనికొస్తుంది. మందు బదులుగా కాదు.

చేతిలో డబ్బు లేకపోతే సిగ్గుపడాల్సిన పని లేదు. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ, విశాఖలో కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రుల్లో చర్మవ్యాధుల ఓపీ ఉంది. లైను పొడుగ్గా ఉంటుంది, ఒక పూట పోతుంది. డాక్టరు రెండు నిమిషాలే చూస్తారు. కానీ రాసే మందు అదే, అమ్మకూడని క్రీమ్ మాత్రం రాయరు. పాతిక వేల ప్యాకేజీ కంటే ఆ రెండు నిమిషాలు నయమైన సందర్భాలు నాకు తెలుసు.

మచ్చలు, గుంటల గురించి ఎక్కువ చెప్పను. నల్ల మచ్చలు ఎండ తగలనీయకపోతే నెలల్లో వాటంతటవే చాలావరకు పోతాయి. గుంటలకి సూదులతో చేసే మైక్రోనీడ్లింగ్, లోపలి పీచు కోసే సబ్‌సిషన్, లేజర్ ఉన్నాయి. ఏది ఎవరికన్నది గుంట ఆకారాన్ని బట్టి. కొత్త మొటిమలు రావడం ఆగకముందే వీటికి డబ్బు కట్టకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులు, డబ్బాలు, ఖాళీ అయినవి కూడా, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. "ఏదో తెల్ల ట్యూబు వాడాను సార్" అంటే ఎవరికీ అర్థం కాదు. ఫ్రెండు ఇచ్చిన పేరు లేని డబ్బా ఉంటే దాన్నీ వేయండి, తిడతారని దాచకండి. మందు మొదలుపెట్టిన రోజు పొద్దున్నే కిటికీ పక్కన నిలబడి, ఫిల్టర్ తీసేసి, ముందు నుంచి ఒకటి, రెండు పక్కల నుంచి ఒక్కోటి ఫొటో తీసుకోండి. తర్వాత నెలకొకసారి అదే కిటికీ దగ్గర. రోజూ అద్దం చూసుకునే కంటికి తేడా తెలియదు. మూడో వారంలో ట్యూబు వాపసు ఇవ్వడానికి మా షాపుకి బయల్దేరే ముందు ఆ ఫొటోలు ఒకసారి చూసుకుని రండి.